ఏ పైరు వేయుదము? రైతు లెక్కయు, మా లెక్కయు

మృగశిర కార్తె సమీపించినకొలదిని సంఘ సభ్యులు కచేరికి వచ్చి మమ్ము అడుగు ప్రశ్న ఒక్కటియే: ఈ యేడు ఏ పైరు వేయుదము? పూర్వము మేము ఈ ప్రశ్నకు తడవుకొనకుండ జవాబు చెప్పెడివారము. ఎకరమునకు ఎక్కువ గింజనిచ్చు పైరేదో చూచి, ఆ గింజకు అంగడిలో ధరయెంతయో చూచి, ఒకదానిచే నొకటి గుణించి, ఖర్చులు తీసివేసి, మిగిలిన మొత్తమును చూపి, ఇది వేయుడని చెప్పుటయే మా పని యనుకొంటిమి. ఆ లెక్కలో తప్పు లేదు. అయితే అది సగము లెక్క. తక్కిన సగమును మేము రైతుల యొద్దనే నేర్చుకొనవలసి వచ్చినది. అందుకు చెల్లిన వెల మాత్రము మేమిచ్చినది కాదు.

2002వ సంవత్సరపు సంగతి. మేము అప్పటికి ఉద్యోగమునకు క్రొత్త. ఉప్పలునకు తూర్పున, ఘటకేసరము త్రోవలో నొక గ్రామమున ఇరువురు పొరుగు చేలవారు, ఒక్కొక్కరికి నాలుగేసి యెకరముల ఎర్ర చల్కనేల గలవారు ఉండిరి. వారు ఏటేటను జొన్నలో కంది సాళ్లు వేసి, ఒక మూల ఆముదము పెట్టుచుండిరి. మేము పోయి, ఈ పాత పద్ధతి మానుడనియు, సంకరజాతి మొక్కజొన్న వేసి ఎరువు బాగుగా వేసినచో ఆదాయము రెండింతలగుననియు కాగితముపై వ్రాసి చూపితిమి. మొదటి రైతు ఆ కాగితమును చాలసేపు చూచి, "ఒక్క ఎకరం పెడుత సారూ, తక్కినది నా తీరుగనే ఉండనీ" అనెను. ఆనాటి మా దినచర్య పుస్తకమున అతనిని గూర్చి "మొండివాడు, మార్పు నొల్లడు" అని వ్రాసికొంటిమి. రెండవ రైతు మా మాటను పూర్తిగా నమ్మెను. విత్తనమునకును ఎరువునకును బయట అప్పు తెచ్చి, నాలుగెకరములును మొక్కజొన్న వేసెను.

ఆ యేడు జూన్ వానలు ఆశ చూపినవి. జూలైలో దేశమంతటను వర్షము దాదాపు సగమునకు పడిపోయినది. మొక్కజొన్న పీచు తీయు వేళకు నేలలో తేమ లేక కంకులు పిందెలోనే ఎండినవి. మొదటివాని జొన్న కూడ అంతంతమాత్రమే; కాని చొప్ప మిగిలి యెడ్లకు మేతయైనది. కంది వేరు లోతునకు పోవునది గావున వెనుకటి వానలకు కోలుకొని చలికాలమున కొంత కాయ నిచ్చినది. రెండవవాడు ఎడ్లను సంతకు తోలెను. మరుసటి సంవత్సరము మేము కనబడినపుడు అతడు కోపపడలేదు, ఒక్క మాట మాత్రమనెను: "వాన పడితే ఏం వస్తదో మంచిగ చెప్పితిరి సారూ. పడకుంటే ఏం మిగులుతదో చెప్పకపోతిరి."

ఈ వ్యాసమంతయు ఆ మాటకు మేమియ్యదలచిన జవాబు.

ముందు లెక్క చూతము. ఈ క్రింది అంకెలు మాట వరుసకు కల్పించుకొన్నవే గాని యే గ్రామమువియు కావు. సభ్యులు తమ తమ అంకెలు వేసికొనవచ్చును. పదేండ్లలో ఐదు మంచివి, మూడు నడితరమువి, రెండు చెడ్డవి యనుకొందము. జొన్న కంది కలిపి వేసిన యెకరమునకు ఖర్చులు పోను మంచి యేట 12,000 రూపాయలు, నడితరపు యేట 8,000, చెడ్డయేట 1,000 మిగులుననుకొందము. ఖర్చెక్కువగు క్రొత్త పైరునకు మంచి యేట 30,000, నడితరపు యేట 6,000 మిగులును. చెడ్డయేట పెట్టుబడిలో 18,000 పోవును. పదేండ్ల సరాసరి చూడగా పాత పైరునకు సాలుకు 8,600, క్రొత్త పైరునకు 13,200. ఎకరమునకు 4,600 రూపాయల లాభము. నాలుగెకరములకు 18,400. మేము 2002లో చూపిన కాగితము ఇట్టిదే.

ఇక రైతు మనసులో వేసికొను లెక్క. చెడ్డయేడు నాలుగెకరములును క్రొత్త పైరే అయినచో నష్టము 72,000 రూపాయలు. ఈ సొమ్ము ఇంటిలో నుండదు. బయట నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో ఏడాది వడ్డీయే 17,280. చూచితిరా? నాలుగెకరములమీద సరాసరిన వచ్చుననుకొన్న అధిక లాభము 18,400; ఒక చెడ్డయేటి అప్పుకు వడ్డీ 17,280. సరాసరి యను మాట పదేండ్లు నిలువగలవానికి చెల్లును. మూడవ యేటనే ఎడ్లమ్మినవానికి తక్కిన ఏడేండ్ల మంచి పంట ఎవని చేలో పండును? చెడ్డయేండ్లు వరుసగా రావని నియమము లేదు. పదింట రెండు చొప్పున, ఒకదానితో నొకటి సంబంధము లేక వచ్చునని యెంచినను, ఏవేని రెండేండ్లు తీసికొన్నచో రెండును చెడ్డవగుట ఇరువదియైదింట నొక మారు తటస్థించును. ముప్పదియేండ్లు సేద్యము చేయువానికి ఇది దూరపు భయము కాదు.

మొదటి రైతు చేసిన పని, అనగా మూడెకరములు పాతది, ఒక యెకరము క్రొత్తది, ఇదే అంకెలతో చూడుడు. సరాసరిన సాలుకు 39,000 వచ్చును. అంతయు పాతదే అయినచో 34,400. చెడ్డయేట 15,000 పోవును. ఆ మొత్తము ఒక మేకల మందతోనో, కూలితోనో, బావమరది చేబదులుతోనో గడచునట్టిది. మొండివాడని మేము వ్రాసినవాడు మాకంటె చక్కగా లెక్క వేసెను. కాగితము లేదు, అంతే.

ఈ విషయమును పండితులును పరీక్షించియున్నారు. పటానుచెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థవారు 1975 మొదలు కొన్ని గ్రామములలో రైతు కుటుంబముల రాబడి వ్యయములను ఏండ్ల తరబడి వ్రాసికొనుచు వచ్చిరి. అందు నాటి మహబూబునగరము జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు గ్రామములు కలవు. షోలాపురము, అకోలా జిల్లాల గ్రామములును కలవు. హాన్స్ బిన్స్‌వాంగరు అను ఆర్థిక శాస్త్రవేత్త అట్టి గ్రామముల రైతులతో ఒక విధమైన బొమ్మాబొరుసు ఆట ఆడించి, దాని ఫలితములను 1980లో ప్రకటించెను. ఆటలో పందెము రైతుది కాదు. వచ్చినది మాత్రము రైతుకు నిజముగా ఇయ్యబడెను.

ఆట యిట్టిది. కొన్ని యెంపికలు ముందుంచుదురు. మొదటిది కోరినచో నాణెము ఎట్లు పడినను 50 రూపాయలు. మరియొకటి కోరినచో ఒకవైపు పడిన 45, మరియొకవైపు పడిన 95. ఇంకొకటి 40, 120. వేరొకటి 30, 150. ఇట్లు పోగా కడపటిది ఒకవైపు సున్న, మరొకవైపు 200. ఆ కాలపు పల్లెటూరి కూలికి ఈ మొత్తములు చిన్నవి కావు. పందెము అర్ధరూపాయిగా నున్నపుడు జనుల యెంపికలు నానావిధములుగా నుండెను. పందెము పెరిగినకొలదిని అందరును నడిమి యెంపికలకు వచ్చిరి. ఏమియు వద్దని కూర్చున్నవారును కొలదిమందియే, సున్నకును రెండువందలకును తెగించినవారును కొలదిమందియే. అందును వింత యేమనగా, ధనవంతునకును బీదవానికిని ఈ విషయమున పెద్ద తేడా కానరాలేదు.

ఇది చిన్న సంగతి కాదు. బీదరైతు పిరికివాడనియు, సోమరియనియు, అందుచేతనే క్రొత్త పద్ధతులు అవలంబింపడనియు మా శాఖలో పెద్దలు చెప్పగా మేమును నమ్మితిమి. స్వభావము ఒక్కటే అయినచో తేడా యెక్కడిది? చేతిలోని సాధనములలోనిది. అప్పు దొరకుట, విత్తనము వేళకు దొరకుట, సరుకు అమ్మునట్టి వసతి, తెలిసినవాని సలహా, వీనిలో నున్న తేడాయే సేద్యములో తేడాగా కనబడుచున్నదని ఆ శాస్త్రవేత్త యభిప్రాయపడెను. 1993లో మార్కు రోజెన్‌జ్వైగు అను మరియొక పండితునితో కలిసి, ఆ గ్రామముల లెక్కలనుండియే ఇంకొక సంగతిని తేల్చెను. వర్షారంభమున నిలుకడ లేమి ఒక మెట్టు పెరిగినచో, నడితరపు ఆస్తిగల రైతు లాభము నూటికి 15 వంతులు తగ్గును. కడపటి నాలుగవ వంతులోని బీదరైతు లాభము 35 వంతులు తగ్గును. సంపన్నునకు దాదాపుగా ఏమియు తగ్గదు. వాన అందరి చేలలోను ఒక్కతీరుననే తప్పును. అయితే బీదవాడు దానికి వెరచి ముందుగానే తక్కువ పండెడు, తక్కువ పోవు పైరును కోరుకొనును. ఆ వెరపు ఖరీదును వానపడిన యేట కూడ చెల్లించుచునే యుండును.

మేము చదివిన మిషను బడిలో, యజమాని యిచ్చిన తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని కథ చెప్పి, మా గురువులు వానిని గట్టిగ నిందించెడివారు. ఇరువదియేండ్లు చేల గట్లమీద తిరిగిన పిదప, ఆ దాసునకు ఇంటిలో ఎందరు పిల్లలుండిరో, అప్పెంత యుండెనో యని మాకు తోచుచుండును. అది పక్కదారి, విషయమునకు వత్తము.

జొన్నలో కంది వేయుట పూర్వులు ఊరక కనిపెట్టినది కాదు. ఇక్రిశాట్‌లో రావు, విల్లీ అను శాస్త్రజ్ఞులు 94 ప్రయోగముల ఫలితములను ఒకచోట చేర్చి 1980లో లెక్కించిరి. కుటుంబమునకు ఆపద యనదగిన యొక తక్కువ రాబడిని గీతగా పెట్టుకొని చూడగా, కంది ఒంటిగా వేసిన చేను ఐదేండ్లకొకమారు ఆ గీతకు దిగువకు పడును. జొన్న ఒంటిగా వేసినది ఎనిమిదేండ్లకొకమారు పడును. రెండును కలిపి వేసినచో 36 ఏండ్లకొకమారు మాత్రమే. జొన్న మూడునాలుగు నెలలలో చేతికి వచ్చును. కంది మెల్లగా పెరిగి, జొన్న కోసిన పిదప విడిచిన చోటును తేమను తాను అందుకొనును. ఒకదానికి చెరుపైన వాన మరొకదానికి మేలగుట కలదు. మిశ్రమ పంటను చూచి నవ్వు యువకులైన ఉద్యోగులు ఈ 36ను జ్ఞాపకముంచుకొందురుగాక.

ఇంతవరకు చెప్పినది వాన భయమును గూర్చి. మన సభ్యులలో కొందరి తండ్రితాతలు ఉప్పలు, నాచారము గ్రామములవారు; అక్కడి భూములు పోయిన పిదప తూర్పునకు వచ్చి సేద్యము సాగించుచున్నారు. ఆ రెండు గ్రామముల అనుభవము మరియొక తీరున ఉపయోగించును. అక్కడి రైతు ఎదుర్కొనిన భయములు రెండుజాతులవి.

నాచారమువంటి చెరువు గ్రామములలో వరి అంతయు చెరువుమీద నాధారపడెడిది. చెరువు నిండినచో ఆయకట్టు నిండ నాట్లు. సగము నిండినచో సగము. నారు పోసికొని చెరువు వైపు చూచుచు కూర్చుండుట, తూము దగ్గర నీరటి చెప్పు మాట విని నాటుట, నీరు చాలని యేట ఆయకట్టు పైభాగము మాత్రమే సాగుచేసికొనుట, ఇవి పాత చెరువు గ్రామముల మర్యాదలు. ఇందు మేము మెచ్చుకొనునది ఓపిక. నారుమడికి పోయెడిది కొంచెము. నాట్లకు పోయెడిది ఎక్కువ. కొంచెము పెట్టి చేతిలో నుంచుకొని, ఎక్కువ పెట్టుటకు చెరువు నిండువరకు ఆగుట మంచి వ్యాపారి చేయు పనియే.

ఉప్పలు దక్షిణపు మూసీ తీరము వేరు. అక్కడ నీటికి కొదువ లేదు. కార్తెలతో పనియు లేదు. హైదరాబాదు నగరపు మురుగు నీరు కలియుటచేత మూసీ ఎండకాలమునను పారును. 1980 తర్వాతను, 2000 ప్రాంతములందును నాగోలు, ఉప్పలు, పీర్జాదిగూడ తీరములందు ఎకరములకు ఎకరములు పారా గడ్డి పెంచెడివారు. అంతర్జాతీయ జలయాజమాన్య సంస్థ పరిశోధకులు కూడ ఈ శతాబ్దారంభమున దీనిని పరిశీలించి వ్రాసియున్నారు. వరికంటె గడ్డి యేల యని పైనుండి చూచువారికి వింతగా నుండును. దాని ఒడుపు ఇది: గడ్డి ఒకసారి పాతుకొన్నచో ఏండ్లతరబడి తిరిగి విత్తనము వేయ నక్కరలేదు, మడిలో నీరు నిలిచినను చావదు, మురుగునీటిలోని సత్తువయే ఎరువు. అదే సత్తువ వరికి మితిమీరినచో పైరు ఆకుమీదికి పోయి, పడిపోయి, తాలు ఎక్కువగును. గడ్డిని ఒక మడి తరువాత నొక మడిగా కోసినచో ఏడాది పొడుగునను కోతయే. నగరపు గేదెలకు మేత కావలయును గనుక కొనువాడు ఎన్నడును తప్పడు. ఒక్క కారులో పెద్దమొత్తము రాదు. చేతిలో ప్రతిదినము నాలుగు డబ్బులుండును. నాణెపు ఆటలో నడిమి యెంపిక యన్నచో ఇదియే.

అయితే ఆ నీటిలో లెక్కకందని భయము దాగియుండెను. గడ్డికోయు కూలీలకు, వారిలో ఎక్కువమంది స్త్రీలు, కాళ్లుచేతుల దురదలు, పుండ్లు తప్పెడివి కావు. నీటిలో నగరపు మురుగుతోబాటు పరిశ్రమల మడ్డియు కలియుచుండెను. అది గడ్డిలోనికి, గేదెలోనికి, పాలలోనికి ఎంత పోవుచున్నదో గట్టుమీద నిలుచున్న రైతు కంటికి కనబడదు. నాచారము వైపునను పారిశ్రామికవాడ పెరిగిన పిదప బావినీటి గుణము మీద ఇట్టి సంశయమే వచ్చినది. నీరు ఉండునా లేదా యను భయము తీరినవానికి, ఉన్న నీరు ఎట్టిదో యను భయము వచ్చెను.

ఇక్కడ ఒక భేదమును గుర్తింపవలెను. ఫ్రాంకు నైటు అను అమెరికా ఆర్థికశాస్త్రవేత్త 1921లో ప్రకటించిన గ్రంథమున, ఎన్నింట ఎన్ని యని లెక్క కట్టదగిన అపాయమును, లెక్క కట్టుటకే వీలులేని అనిశ్చితిని వేరు చేసి చూపెను. మృగశిరలో వాన పడునా యనునది మొదటిజాతి. మనకు నూరేండ్ల వర్షపు లెక్కలు కలవు. వాన రాకడ ప్రాణము పోకడ ఎవరికెరుక యని సామెత చెప్పినను, పదింట ఎన్నిమారులు ఆలస్యమైనదో చూడవచ్చును. ఇరువదియేండ్లకు ఉప్పలు పొలము పొలముగానే యుండునా యనునది రెండవజాతి. 1970లో అక్కడ బావి త్రవ్వించిన రైతుకు, 2005 నాటికి క్రికెట్ మైదానము నిలుచునని గాని, 2007లో ఆ పట్టణము మహానగరమున కలియునని గాని, 2017లో నాగోలునుండి మెట్రో రైలు నడచునని గాని ఎవరు చెప్పగలరు? మూసీ గట్టుననున్న ఉప్పలు భాగాయతు భూములు కూడ ఆ రైలు బండ్లశాలకును ఇండ్ల స్థలములకును పోయినవి.

హైదరాబాదు చుట్టుపట్ల ద్రాక్షతోటల కథయు ఇటువంటిదే. అనాబ్-ఎ-షాహి ద్రాక్ష మన ప్రాంతమునకు పెద్ద పేరు తెచ్చినది. రాతి కంబములు, ఇనుప తీగలు, పందిరి, ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒక్క కోత. పందిరికి పెట్టిన సొమ్ము తిరిగి రావలెనన్న పలు సంవత్సరములు పట్టును. కాయ పండునపుడు అకాలవర్షము పడినచో బూజు తెగులు పట్టును. బాగుగ సాగిన తోటలవారు బాగుగనే గడించిరి. అయినను భూమి ధర పెరిగి, నీరు తగ్గి, కూలి హెచ్చినపుడు, కంబములు పీకి జొన్న చల్లుట అంత సులభము కాదు. నిశ్చయము లేని కాలమున మేము రైతునకు చెప్పునది ఇదే: రేపు వెనుకకు తీసికొనగల పనిని త్వరగా చేయుడు, తీసికొనలేని పనిని, అనగా లోతు బోరుబావి, పందిరి, భూవిక్రయము వంటిదానిని, ఒక్క యేడాది ఆగి చూచుటకు వీలున్నచో ఆగుడు. జొన్నకు బదులు ఆముదము వేసినది తప్పైనచో ఒక్క కారు పోవును. మూడవ బోరు ఎండినచో తరమంతయు దాని అప్పు తీర్చవలెను.

మరి భీమా సంగతి యేమని సభ్యులు అడుగుదురు. 2003లో మహబూబునగరము జిల్లాలో బేసిక్స్ సంస్థయు, ఐ.సి.ఐ.సి.ఐ. లాంబార్డు కంపెనీయు కలిసి ఆముదము, వేరుశెనగ రైతులకు వర్షపు భీమా అమ్మిరి. చేను చూచుట లేదు. వర్షమాపకమున పడిన వాన తక్కువైనచో సొమ్మిత్తురు. దీనిని పరిశీలించిన జీనే, టౌన్‌సెండు, వికరీ యను పండితులకు ఒక విపరీతము కనబడినది. నష్టమునకు ఎక్కువ వెరచు రైతులు ఎక్కువగా కొనవలసినది పోయి తక్కువగా కొనిరి. కారణము దూరములేదు: క్రొత్త భీమాయే వారికి మరియొక జూదముగా తోచెను. అమ్మువారిని ముందే యెరిగినవారు ఎక్కువగా కొనిరి. అటుపిమ్మట మరియొక ప్రయోగమున, భీమా చేతికి వచ్చిన రైతులు ఆముదము, వేరుశెనగల వంటి డబ్బు పైర్లకు తమ పెట్టుబడిని మరలించిరి. భయము ఒకరు పంచుకొన్నచో రైతే ముందుకు వచ్చుననుటకు ఇంతకంటె సాక్ష్యమేల? ఇందులో ఒక లోపము మాత్రము కలదు: వర్షమాపకము మండలమున నుండును, మేఘము చేనుచేనునకు వేరు. మాపకముపై వాన పడి, మన చేనుపై పడనియేట ఆ కాగితము ఎందుకును కొరగాదు.

ప్రభుత్వములును ప్రయత్నించినవి. 2016లో ప్రధానమంత్రి పంటల భీమా వచ్చినది. రైతు చెల్లించు రుసుము వానాకాలపు పంటలకు నూటికి 2, యాసంగికి ఒకటిన్నర, వాణిజ్య పంటలకు 5 రూపాయలు. తెలంగాణ ప్రభుత్వము 2020లో దానినుండి వైదొలగెను. 2018లో రైతుబంధు క్రింద కారునకు ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున ఇచ్చిరి. అది పట్టాదారునకే గాని కౌలుదారునకు చేరలేదు. పెట్టుబడి పెట్టువాడొకడు, సాయము పొందువాడు మరొకడు అయినచో భయము తీరవలసిన చోట తీరదు. దీనిని గూర్చి వేరే వ్రాయవలసినది చాల కలదు.

ఇక మన సంఘము. మునుపటి లెక్కలో 72,000 రూపాయల నష్టము సాలుకు నూటికి 7 రూపాయల వడ్డీకి దొరకినచో, ఏడాది వడ్డీ 17,280కి బదులు 5,040 అగును. నష్టము నష్టమే, కాని ఎడ్లు సంతకు పోవు. కావున సంఘపు అప్పును పంట మంచిగా పండినపుడు వసూలగు సొమ్ముగా మాత్రము చూడక, చెడ్డయేట వాయిదా పొడిగించు ఏర్పాటును అప్పిచ్చునాడే వ్రాసియుంచవలెనని మేము కార్యనిర్వాహక వర్గమునకు మనవి చేసితిమి. ఆపద వచ్చిన పిదప దరఖాస్తు పెట్టుకొనుట వేరు, రాకమునుపే తెలిసియుండుట వేరు. తెలిసియున్నవాడే ఒక యెకరమునకు బదులు ఎకరమున్నర క్రొత్త పైరు వేయుటకు సాహసించును. రెండవది విత్తనము. తొలకరికి వేసినది ఎండిపోయినపుడు తిరిగి వేయుటకు స్వల్పకాలపు కంది, ఆముదము, ఉలవలు సంఘపు గిడ్డంగిలో ఆగస్టు వరకు కొంత నిలువ యుండవలెను. ఆ విత్తనము కొన్ని యేండ్లు మిగిలిపోయి నష్టమునకు అమ్మవలసివచ్చును. లెక్కల తనిఖీదారు దానిని తప్పుపట్టవచ్చును. పట్టనిండు. అది నూరుగురు రైతులు విడివిడిగా పడవలసిన నష్టమును ఒక్కచోట పడుట.

మూడవది మా పని. ఈ యేటినుండి పైర్లను గూర్చి మేమిచ్చు కాగితమున ఒక వరుసకు మారు మూడు వరుసలుండును: వాన బాగుగ పడిన యేడు, నడితరపు యేడు, చెడిన యేడు. మూడవ వరుసలోని అంకెను మేము సొంతముగా వ్రాయము. అది ఖాళీగా నుండును. మీ చేను 2015లో, 2018లో, మీకు జ్ఞాపకమున్న మరేదేని చెడ్డయేట ఏమి ఇచ్చినదో, ఎంత పోయినదో, ఆ యేడు ఇల్లు దేనితో గడచెనో మీరు చెప్పగా దానిని నింపుదుము. కాబట్టి అప్పు దరఖాస్తునకు వచ్చునపుడు పట్టాదారు పుస్తకముతోబాటు ఈ క్రింది సంగతులు అడిగి తెలిసికొని రండు: ఇంటిలో ఎన్ని నెలల గింజ కలదు, పశువులకు ఎంత చొప్ప నిలువయున్నది, బావిలో వైశాఖమున నీరు ఎన్ని గజముల లోతుననున్నది, బయట అప్పు ఎంత, దాని వడ్డీ యెంత. కౌలుకు చేయువారు కౌలు ధాన్యముగానా, రొక్కముగానా, పంట పోయినను ఇయ్యవలెనా యనునది కూడ చెప్పవలెను. ఇంటి యాడవారిని వెంటబెట్టుకొని వచ్చినచో మరియు మంచిది. చెడ్డయేటి లెక్క వారికే సరిగా జ్ఞాపకముండునని మా యనుభవము. మేము మంగళ, శుక్రవారములందు ప్రొద్దుట కచేరిలో నుందుము. పైన చెప్పిన రెండవ రైతు ఇపుడు సభ్యుడే. పోయినవారము వచ్చి మొదటి కాగితమును అతడే నింపించుకొని పోయెను. ఒక ఎకరము మొక్కజొన్న, మూడెకరములు జొన్నలో కంది వ్రాయించెను.